దవడలున్న చిమ్మట

చిమ్మటలు తుండముతో తేనెను పీల్చునని బడిపిల్లలకును తెలియును. కాని 1761లో లిన్నేయస్ పేరిడిన కాల్తెల్లా అను చిమ్మటకు తుండమే లేదు. వడ్లగింజకన్న చిన్నదైన ఈ ప్రాణి ఐరోపా తడినేలల పూలపై వ్రాలి, దవడలతో పుప్పొడిని నమలి తినును.

ఇట్టిది చిమ్మట యగునా? కాదని 1917లో చాప్మన్ అను కీటకశాస్త్రజ్ఞుడు దీని కుటుంబమగు మైక్రోప్టెరిజిడేను వెలివేసి, జూగ్లాప్టెరా అను వేరొక క్రమమునే కల్పించెను. నోటిని చూచి చెప్పిన తీర్పిది! మరి రెక్కల మాట యేమి? వాటిపై పొలుసులున్నవి; లెపిడాప్టెరా యనగా ‘పొలుసు రెక్కలవి’ అనియే గదా అర్థము. తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని మరల ఆ క్రమముననే చేర్చిరి. తుండము ఏర్పడకముందే వేరుపడిన ఈ శాఖ పూర్వుల దవడలను నిలుపుకొన్నది. దీనిలో పెక్కు జాతుల గొంగళిపురుగులు తడిరాళ్లనంటి పెరుగు లివర్‌వర్ట్ మొక్కలను మేయుచుండును.