మైనపు దేహాలు, సొరుగుల్లో చిట్టాలు

శవం ఆగదు. ఎండాకాలంలో మరీను. కోసి చూపించేలోపే కుళ్లిపోయే దేహంతో వైద్య విద్యార్థులకు నరాలూ నాళాలూ నేర్పేదెలా? ఇటలీ ఇందుకు మైనాన్ని ఆశ్రయించింది.

సిసిలీవాడైన గాయెతానో జుంబో పదిహేడో శతాబ్దం చివర్లోనే మనిషి తలను లోపలి కండరాలు కనిపించేలా మైనంలో మలిచాడు. ఆ తర్వాత బొలోన్యాలో ఆనా మొరాండి భర్తతో కలిసి శవాలు కోసి, కంటితో చూసినదాన్ని మైనంలో పోతపోసింది. మెదడును పరిశీలిస్తున్న తన ప్రతిమనూ తానే చేసుకుంది.

ఈ విద్యకు పెద్ద కార్ఖానా వెలిసింది మాత్రం ఫ్లోరెన్సులో. పాలకుడు పియెత్రో లియోపోల్దో అండతో ఫెలిచె ఫొంటానా దాన్ని నడిపాడు. ఆ బొమ్మల్ని చూపే లా స్పెకోలా మ్యూజియం 1775లో తలుపులు తెరిచింది. శుభ్రమైన బట్టలతో వస్తే చాలు, సామాన్యులకూ ప్రవేశం ఉండేది. శవాలు సాంతా మరియా నువోవా ఆసుపత్రి నుంచి వచ్చేవి. కోసిన అవయవాన్ని చూసి నమూనా, దానిమీద ప్లాస్టర్ అచ్చు, అచ్చులో రంగు కలిపిన మైనం. అక్కడి శిల్పుల్లో క్లెమెంతె సుసీనిది అందెవేసిన చేయి.

ఫొంటానా గొప్పతనం అక్కడితో ఆగలేదు. ఒక్కో మైనపు బొమ్మకు జతగా నీటిరంగుల చిత్రం వేయించాడు. చిత్రంలో ఒక్కో భాగానికి ఒక అంకె. ఆ అంకె ఏ కండరానిదో, ఏ నాళానిదో చెప్పే చేతిరాత చిట్టా అద్దాల పెట్టె కింది సొరుగులో ఉండేది. చూపించే గురువు పక్కన లేకపోయినా సందర్శకుడు సొరుగు లాగి తనంతట తాను చదువుకోవచ్చు. సేకరణ పోగయ్యాక కేటలాగు రాయడం మామూలు. ఇక్కడ బొమ్మా దాని కేటలాగూ కవలల్లా పుట్టాయి. ఫొంటానాను శాస్త్రవేత్తగా పొగిడేవారు ఈ సొరుగుల్ని తలవకపోవడం అన్యాయం.

లియోపోల్దో అన్న, చక్రవర్తి రెండో జోసెఫ్ వీటికి ముగ్ధుడై వియన్నాకు వెయ్యికి పైగా నమూనాలు చేయించుకున్నాడు. అవి కంచరగాడిదల మీద ఆల్ప్స్ దాటాయి. 1785లో అక్కడ మొదలైన జోసెఫీనుం వైద్య పాఠశాలలో సైనిక శస్త్రవైద్యులు వాటితోనే చదువుకున్నారు.

ఫ్లోరెన్సు కార్ఖానా పంతొమ్మిదో శతాబ్దం చివరికి మూతపడింది. అప్పటినుంచీ మిగిలింది కాపాడుకునే పనే. వేడికి మైనం మెత్తబడి దుమ్ము పట్టేస్తుంది, చలికి పెళుసై పగులుతుంది. ఒక సన్న నాళం విరిగి ఊడిపడితే అది ఎక్కడిదో తేల్చడానికి, ఆనాటి చిత్రంలోని అంకెలు ఇప్పటికీ పనికొస్తాయి. అందుకే కాగితాన్ని కూడా మైనంతో సమానంగా కాపాడాలి. ఏళ్ల తరబడి సాగిన మరమ్మతుల తర్వాత లా స్పెకోలా 2024లో మళ్లీ తెరుచుకుంది.