ఉస్మానియా ప్రాంగణంలో పరిశోధన భవనం కట్టాలంటే...

“వారసత్వ కట్టడమా, రోగి ప్రాణమా?” ఉస్మానియా ఆసుపత్రిపై వ్యాసం రాయమంటే మనలో చాలామంది ఇలాగే మొదలుపెడతారు. ప్రశ్న ఇలా పెట్టుకుంటే రెంటిలో ఒకదాన్ని వదులుకోక తప్పదు. అందుకే ముందు చరిత్ర చూద్దాం.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది మందిని బలి తీసుకుంది. అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి కూడా కొట్టుకుపోయింది. సుమారు 150 మంది ఒక చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, ఇండో-సారసెనిక్ శైలిలో కొత్త ఆసుపత్రి 1925 నాటికి పూర్తయింది.

ఈ చోటికి పరిశోధన కొత్త కాదు. 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. మత్తుమందుతో మొదట ఆగేది శ్వాసేనని, గుండె కాదని అవి తేల్చాయి. క్లోరోఫామ్ నేరుగా గుండె లయనే దెబ్బతీయగలదని 1911లో లెవీ ప్రయోగాలు చూపాయి. తప్పు తేలినా ఆ ప్రయోగాల విలువ తగ్గలేదు. ప్రశ్నను పరీక్షకు పెట్టిన చోటు ఇదేనని గుర్తుంచుకోండి.

ఇక వర్తమానం. 2015లో పాత భవనం కూల్చివేత ప్రతిపాదన వచ్చింది. మరమ్మతు చేయవచ్చని ఇన్‌టాక్ వాదించింది. 2020 జులైలో వర్షపు నీరు వార్డుల్లోకి చేరడంతో రోగులను ఖాళీ చేయించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అలాంటప్పుడు పాత ప్రాంగణంలో ఒక పరిశోధన భవనం కట్టాలంటే ఎలా? జవాబులో నాలుగు అంశాలు రాయండి.

మొదటిది, పని విభజన. సున్నితమైన మైక్రోస్కోపులకు కదలిక లేని నేల, సూక్ష్మజీవుల ల్యాబుకు ప్రత్యేక గాలి వ్యవస్థ కావాలి. ఇవి పాత గోడల్లో ఇరికించకూడదు, కొత్త భవనంలోనే పెట్టాలి. ఎత్తైన కప్పులున్న పాత హాళ్లు గ్రంథాలయానికి, బోధనకు, మ్యూజియానికి సరిపోతాయి.

రెండోది, దూరం. పునాది తవ్వకాల అదురు పాత గోడలను బీటలు వారేలా చేయగలదు. కొత్తది వెనక్కి జరగాలి, మూసీ వైపు నుంచి కనిపించే గుమ్మటాలను మింగకూడదు.

మూడోది, నిజాయితీ. 1964 వెనిస్ చార్టర్ ప్రకారం కొత్తగా చేర్చేది తన కాలపు ముద్రతోనే ఉండాలి. నకిలీ గుమ్మటాలు వద్దు. పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కి గోడ పాడవుతుంది.

నాలుగోది, నీరు. నేలమాళిగలో నమూనాల ఫ్రీజర్లు, జనరేటర్లు పెడితే 1908ని మరచినట్లే.

రాజ్యాంగంలోని 51ఏ(ఎఫ్) అధికరణ వారసత్వాన్ని కాపాడమంటుంది, 47వ అధికరణ ప్రజారోగ్యాన్ని మెరుగుపరచమంటుంది. మీ ముగింపులో ఈ రెండూ పక్కపక్కన ఉండాలి. రోగికి భద్రమైన పడక, శాస్త్రవేత్తకు పనికొచ్చే ల్యాబు, నగరానికి దాని జ్ఞాపకం: మంచి నమూనా వీటిలో ఏ ఒక్కదాన్నీ మిగతావాటికి బలి ఇవ్వదు.