డోలీ వెంట నడిచిన అక్కలు

మన గూడేల్లో తరతరాలుగా పురుళ్లు పోసిన మంత్రసానుల పేర్లు ఏ రిజిస్టరుకు ఎక్కాయి? 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక, వారి కూతుళ్లు, కోడళ్ల తరం నుంచి ‘ఆశా’లు వచ్చారు. మైదానంలో 1000 మందికి ఒకరైతే, కొండ ప్రాంతాల్లో గూడేనికొకరిని తీసుకోవచ్చన్నారు. తగినవారు దొరకనిచోట 8వ తరగతి నిబంధననూ సడలించారు. మన ఆడవాళ్లకు తలుపు తీసింది ఆ సడలింపే.

మలేరియా పరీక్షకు వేలి రక్తం తీసేది, డోలీ వెంట వాగు దాటేది వాళ్లే. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 లక్షలకు పైగా ఉన్న ఆశాలకు ‘గ్లోబల్ హెల్త్ లీడర్స్’ అవార్డు ఇచ్చింది. జెనీవాలో నాయకురాళ్లు, ఇక్కడ కాగితాల మీద ఇంకా వలంటీర్లు! అర్హత ఉన్న ఆశాలకు ఏఎన్ఎం, నర్సింగ్ కోర్సుల్లో ప్రాధాన్యమివ్వాలని మార్గదర్శకాల్లో ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ గూడెం ఆశా అక్కకు ఆ సంగతి ఎవరైనా చెప్పారా?