5, 10, 16 ఏళ్లు.. బడికెళ్లే పిల్లల టీకాలు మరిచిపోయారా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: బిడ్డ చంకలో ఉన్నంత కాలం టీకా కార్డు బీరువాలో భద్రంగా ఉంటుంది. బడిలో చేర్చాక అదెక్కడుందో చాలా ఇళ్లలో గుర్తుండదు. కానీ టీకాలు అక్కడితో అయిపోలేదు. ఐదారేళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, పదేళ్లకు ఒక టీడీ, 16 ఏళ్లకు ఇంకో టీడీ వేయించాలి. మూడూ ప్రభుత్వం ఉచితంగా వేసేవే.

టీడీ అంటే మేకు గుచ్చుకుంటే వేసే పాత టీటీయే కదా అనుకుంటారు. కాదు. ధనుర్వాతంతో పాటు కంఠసర్పిని, అంటే డిఫ్తీరియాను కూడా అడ్డుకుంటుంది. ఈ జబ్బు వస్తే గొంతులో పొర కట్టి ఊపిరాడదు, ప్రాణాలే పోవచ్చు. పసితనంలో వేసిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ ఈ డోసులు.

మరి ఎందుకు తప్పిపోతున్నాయ్? ఏఎన్ఎంలు టీకాలు వేసేది ఎక్కువగా బుధ, శనివారాల్లో. ఆ పూట ధర్మవరంలో మగ్గం ఆపాలి, హిందూపురంలో ఫ్యాక్టరీ షిఫ్టు వదులుకోవాలి. పనికోసం బెంగళూరు వెళ్లిన ఇళ్లలో పిల్లలు అవ్వాతాతల దగ్గరే ఉంటారు. అయితే ఆ పిల్లలంతా బడిలో మాత్రం దొరుకుతారు!

బడిలో టీకా మనకు కొత్తేం కాదు. 2017 ఆగస్టులో ఏపీ, తెలంగాణల్లో తట్టు-రుబెల్లా టీకాను 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు వేసినప్పుడు బడులే ప్రధాన కేంద్రాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు వస్తూనే ఉన్నాయి. పళ్లు, కళ్లు చూసేటప్పుడే కార్డు కూడా చూస్తే ఎవరికి ఏ డోసు బాకీ ఉందో అక్కడే తేలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు హాస్టల్ బాలికల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టారు. పెద్ద గొడవైంది, 2010లో అధ్యయనం ఆగిపోయింది. అది పరిశోధన, ఇవి ఏళ్లుగా వాడుకలో ఉన్న టీకాలు. అయినా ఇంటికి ముందే కబురు పంపాలి, తల్లిదండ్రుల అనుమానాలకు జవాబు చెప్పాలి.

కార్డు పోయిందా? కంగారొద్దు. ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడగండి. ఏడేళ్లు దాటితే డీపీటీ వేయరు, టీడీ వేస్తారు. టీకా రోజు పిల్లల్ని ఖాళీ కడుపుతో పంపకండి, భయానికి కళ్లు తిరుగుతాయ్. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. చేయి కాస్త నొప్పి, కొద్దిగా జ్వరం మామూలే.