త్రవెరిన్‌ను గుర్తుంచుకోండి

వేల్స్ పటంలో ఊరి పేర్లు చదువుతుంటే ఆ నేల రూపురేఖలు చదివినట్టే ఉంటుంది. ‘కూమ్’ అంటే లోయ, ‘పెన్’ అంటే తల లేదా కొన, ‘అబెర్’ అంటే ఏరు వెళ్లి కలిసే చోటు. కాపెల్ కెలిన్ కూడా అలాంటి పేరే. కాపెల్ అంటే ప్రార్థనా మందిరం, కెలిన్ అంటే హాలీ చెట్టు, క్రిస్మస్ కార్డుల మీద ఎర్రపళ్లతో, ముళ్ల ఆకులతో కనిపించేది. ఇప్పటి పటంలో ఆ ఊరు వెతికితే నీలిరంగు మాత్రమే కనిపిస్తుంది. ఆ నీలిరంగు పేరు లిన్ కెలిన్. ‘లిన్’ అంటే సరస్సు.

ఉత్తర వేల్స్‌లో బాలా అనే చిన్న పట్నానికి ఎగువన త్రవెరిన్ అనే ఏరు ఉంది. ఆ లోయలోనే ఈ ఊరు ఉండేది. పక్కన 854 మీటర్ల ఎత్తున అరెనిగ్ వౌర్ కొండ. 1911, 12ల్లో ఇన్నెస్, అగస్టస్ జాన్ అనే ఇద్దరు చిత్రకారులు పనిగట్టుకుని ఇక్కడికొచ్చి ఆ కొండనే మళ్లీ మళ్లీ గీశారు. ఊళ్లో ఒక చాపెల్, ఒక బడి, ఒక పోస్టాఫీసు, కొన్ని ఇళ్లు. చుట్టూ గొర్రెలు మేపుకునే కుటుంబాలు. లోయలోని హావొద్ వాదొగ్ అనే పొలం దగ్గర ఒకప్పుడు క్వేకర్లు ప్రార్థనలకు కూడేవారు. హింస భరించలేక ఈ ప్రాంతపు క్వేకర్లు చాలామంది పదిహేడో శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలసపోయారు. ఊరు చిన్నదే కానీ, చరిత్రకు తక్కువేం లేదు.

ఆ ఊళ్లో మాట్లాడేది వెల్ష్. ఇంట్లో, బళ్లో, చాపెల్‌లో, సంతలో అదే భాష. అందుకే ఈ కథ ఒక్క ఊరి కథగా మిగల్లేదు.

1955లో లివర్‌పూల్ నగరపాలక సంస్థ తన నీటి అవసరాల కోసం ఈ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టాలని నిర్ణయించింది. లివర్‌పూల్‌కు ఇది మొదటిసారి కాదు. 1880ల్లో లానుదిన్ అనే మరో వెల్ష్ ఊరు ఆ నగరం కోసమే మునిగింది. అలాగని లివర్‌పూల్ వేల్స్‌కు పరాయిదీ కాదు. వేల సంఖ్యలో వెల్ష్ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వెల్ష్ కవుల పండగ అయిన జాతీయ ఐస్టెద్‌వద్ 1884, 1900, 1929ల్లో ఆ నగరంలోనే జరిగింది.

ఊరివాళ్లు ఊరుకోలేదు. 1956 నవంబర్‌లో పిల్లాపెద్దా బ్యానర్లు పట్టుకుని లివర్‌పూల్ వీధుల్లో నడిచారు. నగరపాలక సంస్థ వినలేదు. అసలు కిటుకు చట్టంలో ఉంది. వేల్స్‌లోని స్థానిక అధికారుల అనుమతి అడిగే బదులు లివర్‌పూల్ నేరుగా లండన్ పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టించింది. బిల్లు పాసైతే ఇక కింద ఎవరి సంతకమూ అక్కర్లేదు. వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా ఆ బిల్లుకు అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా 1957 ఆగస్టు 1న అది చట్టమైంది. ఒక దేశం మొత్తం కాదన్నా, పక్క దేశం సభ్యుల సంఖ్యాబలంతో పని జరిగిపోయింది. నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఇందులో ఎవరూ చట్టాన్ని ఉల్లంఘించలేదు.

లివర్‌పూల్‌కు నీటి అవసరమే లేదని నేననను. మురికివాడలున్న పెద్ద నగరం అది. కానీ ఆ నీళ్లు పరిశ్రమలకూ ఉద్దేశించినవే. ఎవరి దాహం ఎవరి ఊరి కంటే పెద్దదో తేల్చిన గదిలో ఆ ఊరి మాట చెల్లలేదు. అదీ గొడవ.

1963లో బడి మూతపడింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో చాపెల్‌లో చివరి ప్రార్థన జరిగింది. శ్మశానం నుంచి ఎనిమిది మంది అవశేషాలను వేరేచోటికి తరలించారు. మిగతావాళ్లు అక్కడే ఉండిపోయారు. సుమారు 800 ఎకరాలు మునిగాయి. ఊళ్లోని 67 మందిలో 48 మందికి ఇల్లు లేకుండా పోయింది. 1965 అక్టోబర్ 21న ప్రారంభోత్సవం పెట్టుకుంటే, నిరసనకారులు మైకు తీగలు తెంపేశారు. సభ నిమిషాల్లో ముగిసింది. మరుసటి ఏడాది జులైలో కార్మార్థెన్ ఉపఎన్నికలో గ్విన్‌వర్ ఎవన్స్ గెలిచి, వెల్ష్ జాతీయ పార్టీ ప్లైద్ కమ్రి తరఫున తొలి ఎంపీ అయ్యాడు. 48 మంది ఇళ్లు ఒక దేశ రాజకీయాలనే కదిలించాయి.

ఆ కదలికకు గుర్తుగా మిగిలింది ఒక గోడ రాత. 1960ల తొలినాళ్లలో మైక్ స్టీవెన్స్ అనే యువకుడు పడమటి తీరాన, అబెరిస్ట్విత్‌కు దక్షిణంగా రోడ్డు పక్కనున్న ఒక పాడుబడిన ఇంటి గోడ మీద ‘కోవ్యుఖ్ త్రవెరిన్’ అని రాశాడు. త్రవెరిన్‌ను గుర్తుంచుకోండి అని అర్థం. వెల్ష్‌లో కూడా మనకున్నట్టే ‘గుర్తుంచుకో’ వేరు, ‘గుర్తుంచుకోండి’ వేరు. గోడ మీదున్నది రెండోది, దారిన పోయే అందరికీ చెప్పిన మాట.

తెలుగు చదువుకున్నవాళ్లకు నచ్చే సంగతి ఇక్కడొకటుంది. ఆ రాతలో వ్యాకరణ దోషం ఉంది. వెల్ష్‌లో కొన్ని మాటల తర్వాత వచ్చే పదం మొదటి అక్షరం మెత్తబడుతుంది: క గ అవుతుంది, ప బ అవుతుంది, త ద అవుతుంది. మన సరళాదేశ సంధి గుర్తుకొస్తోందా? ‘చూచెన్ తల్లిని’ అన్నది ‘చూచెఁ దల్లిని’ అయినట్టు, అక్కడ త్రవెరిన్ ద్రవెరిన్ కావాలి. రెండు భాషలకూ చుట్టరికమేమీ లేదు, నోటి తీరు అలా కలిసిందంతే. మైక్ స్టీవెన్స్ ఇంగ్లీషు మాట్లాడే ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక వెల్ష్ నేర్చుకున్నవాడు. ఇంటి భాషగా దక్కనిదాన్ని నేర్చుకుంటూ, ఆ భాష బతికిన ఊరి కోసం తప్పుగానైనా రాశాడు. తర్వాత ఎవరో ఆ త ను ద చేశారు. రంగు వెలిసిన ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్లీ వేస్తూ వచ్చారు. 2019లో గోడలో కొంత భాగాన్ని ఎవరో పడగొడితే, జనమే వచ్చి రాళ్లు పేర్చి నిలబెట్టారు. ఆపైన అవే రెండు మాటలు వేల్స్ అంతటా ఎన్నో గోడల మీదికి ఎక్కాయి.

లివర్‌పూల్ 2005లో క్షమాపణ చెప్పింది. అప్పటికి నలభై ఏళ్లు గడిచాయి. ఆనకట్ట కింద ఇవాళ త్రవెరిన్‌లో తెప్పల మీద సాహస క్రీడలు నడుస్తున్నాయి. ఆనకట్ట నుంచి వదిలే నీళ్ల వల్లే ఎండాకాలం కూడా అక్కడ ప్రవాహం ఉంటుంది.

2022 వేసవి కరువులో సరస్సు అడుగంటినప్పుడు పాత గోడల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ ఫొటోలు చూస్తే తెలుగువాళ్లకు శ్రీశైలం వెనక జలాలు తగ్గినప్పుడు తేలే సంగమేశ్వరం గుర్తు రాకుండా ఉండదు. మన దగ్గర గుడి తేలితే దండం పెట్టుకోవడానికి వెళ్తాం. అదే నీటి కింద మునిగిన ఊళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? కృష్ణ ఒడ్డున అలాంటి రెండు మాటల గోడ ఒకటి ఉంటే, దాని మీద ఏ ఊరి పేరు రాయాలో అక్కడి నిర్వాసితులను అడిగితే చెబుతారు. మనం అడగాలి.