నేల తేడాను లెక్కకట్టిన కథ

మెరక ఒకలా, పల్లం ఒకలా పండుతుందని రైతుకు ఎప్పుడూ తెలుసు. కానీ రెండు వంగడాలను పక్కపక్కన వేసి చూసినప్పుడు, ఎక్కువ పండింది వంగడం వల్లనా, నేల వల్లనా అన్నది తేల్చడమే శాస్త్రానికి చాలాకాలం చేతకాలేదు. ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు సాగుతున్నా, ఒక్కో ఎరువుకు ఒక్కో పెద్ద మడి ఇవ్వడమే అప్పట్లో అక్కడి వాడుక. అది ఎంత నమ్మదగనిదో మెర్సర్, హాల్ అనే శాస్త్రవేత్తలు 1911లో అంకెలతో చూపారు. ఒకే గోధుమ రకం, ఒకే సాగు ఉన్న ఎకరం చేనును 500 ముక్కలుగా కోసి, విడివిడిగా తూచారు. ఒక ముక్కలో 2.73 పౌండ్ల గింజలొస్తే మరోదాంట్లో 5.16 పౌండ్లు వచ్చాయి. వంగడం మారకుండానే దిగుబడి దాదాపు రెట్టింపైందన్నమాట.

1919లో రోథంస్టెడ్‌లో చేరిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఈ తేడాను పోగొట్టాలని చూడలేదు, లెక్కలోకి తెచ్చాడు. ఇరుగుపొరుగు మడుల్లో నేల ఇంచుమించు ఒకేలా ఉంటుంది కనుక వాటిని ఒక బ్లాకుగా కట్టాలి. ప్రతి బ్లాకులో అన్ని వంగడాలూ ఉండాలి. ఏది ఏ మడికన్నది చీటీలు తేల్చాలి. 1926 నాటి ఆయన వ్యాసం సారాంశం ఇదే. దీనికి గట్టి అభ్యంతరం గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్ నుంచి వచ్చింది. చీటీల్లో మంచి మడులన్నీ ఒకే వంగడానికి పడితే ఏం గతి? ఒక క్రమంలో మార్చిమార్చి వేయడమే మేలు కదా? ప్రశ్న న్యాయమైనదే. కానీ క్రమంగా వేస్తే పొరపాటు తగ్గినా, ఇంకా ఎంత మిగిలిందో సరిగా కొలిచే వీలుండదు. నేల సారం కూడా అదే క్రమంలో మారుతుంటే మోసం బయటపడదు. గోసెట్ కోరిన సమతూకం చాలావరకు బ్లాకు వల్ల వస్తుంది. మిగిలిన పొరపాటును కొలవడానికి చీటీ ఆధారమవుతుంది. అందుకే రెండూ కావాలి.

వంగడాలు పదుల్లోకి పెరిగితే బ్లాకు కూడా పెద్దదై, దాని లోపలే నేల మారిపోతుంది. చిన్న బ్లాకులతో పని నడిపే లాటిస్ అమరికను యేట్స్ 1936లో ఇచ్చాడు. 1976లో ప్యాటర్సన్, విలియమ్స్ ఆల్ఫా అమరికతో దాని నియమాలను సడలించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రయోగాల్లోనూ ఇది వాడుకలో ఉంది. గ్రీసులో పాపడాకిస్ 1937లో మరో దారి పట్టాడు. పక్క మడుల్లోని వంగడాలు తమ సగటు కన్నా ఎంత ఎక్కువ, ఎంత తక్కువ ఇచ్చాయో చూసి, నడిమి మడి దిగుబడిని సవరించాడు. ఈ పని నేడు కంప్యూటరు చేస్తోంది కదా, ఇక అమరిక ఎందుకనేవారున్నారు. ఒక వంగడం ఒకేఒక్క మడిలో ఉంటే, ఆ మడి గుణాన్నీ వంగడం గుణాన్నీ ఏ కంప్యూటరూ పూర్తిగా విడదీయలేదు. అమరికలో లేని సమాచారం లెక్కలో పుట్టదు. కొత్త విత్తనం ఇంత శాతం ఎక్కువ పండిందని ఎవరైనా చెబితే, ఎన్ని బ్లాకుల్లో వేశారు, మడులు ఎలా పంచారు అని ముందు అడగండి.