ఉత్తరమునకు దారి చూపు పేర్లు



తపాలా జవాను ఊరికి క్రొత్తవాడైనచో, ఉత్తరముపై నున్న పేరొక్కటియే వానికి చాలదు. ఆ పేరుగలవారు ఏ వీధిలో నున్నారో చెప్పువారొకరు వలయును. కంప్యూటరుల నడుమ నడచు ఉత్తరములకును ఇదే చిక్కు. యంత్రములు ఒకదానినొకటి అంకెలతో గుర్తించును. మనుష్యులకు అంకెలు జ్ఞాపకముండవు, పేర్లు కావలయును. ఆ పేర్ల చరిత్రమునే నేడు మనవి చేయుచున్నాను.

1969లో అమెరికాలో ఆర్పానెట్టు అను కంప్యూటరుల వల మొదలాయెను. 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు దానిపై ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు ఉత్తరము పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ, మనము 'ఎట్' అని చదువు గుర్తు నుంచెను. ఏ పేరునకు ఏ అంక యనునది కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలో ఒకే పట్టికగా వ్రాసి యుంచెడివారు. 1972 మొదలు ఆ కార్యాలయమును నడపినది ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి. క్రొత్త యంత్రము పెట్టినవారు ఆఫీసు వేళలలో అచ్చటికి టెలిఫోను చేసి పేరు వ్రాయించుకొనవలెను. తక్కినవారు పట్టిక ప్రతిని మరల మరల తెచ్చుకొనవలెను. పూర్వము మన గ్రామములలోని కరణముగారి దస్తరము వంటిదనుకొనుడు. అయితే ఈ కరణము అన్ని ఊళ్లకును ఒక్కరే! యంత్రములు పెరుగుకొలది ప్రతులు పాతబడెను, ఒకే పేరును ఇద్దఱు పెట్టుకొను చిక్కును కలిగెను.

1983లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువాడైన పాల్ మొకాపెట్రిస్ డి.ఎన్.ఎస్. అను పద్ధతిని ప్రకటించెను. ఇందు ఏ సంస్థ పేర్లను ఆ సంస్థయే వ్రాసికొనును. పైవారికి తెలియవలసినది ఆ పట్టిక ఎవరియొద్ద నున్నదనుటయే. నా దృష్టిలో ఇది యంత్రకౌశలముకంటె పరిపాలనాజ్ఞానమే.

ఉత్తరముల సంగతి మాత్రము వెంటనే కుదురలేదు. మొదట వానికి రెండు విధములైన పద్దులుండెను: గమ్యము చూపునది ఒకటి, నడుమ నందుకొని పంపువానిని చూపునది మఱియొకటి. అడిగినవారికి ఒకటి దొరకి రెండవది దొరకకున్న దారి తప్పు ప్రమాదముండెను. 1986లో ఆ రెంటికి బదులు ఎం.ఎక్స్. అను ఒక్క పద్దు వచ్చెను. దాని ననుసరించి ఉత్తరములు నడపు విధానమును క్రెయిగ్ పార్ట్రిడ్జ్ వ్రాసెను. ఒక పేరునకు వచ్చు జాబులను ఏయే యంత్రములు అందుకొనునో అందు వరుస యంకెలతో నుండును. చిన్న అంకెగలదానిని ముందడుగవలెను. అది పలుకకున్న తరువాతిదానిని. ఇంట లేకున్న పొరుగింట నిమ్మని చెప్పిపోవుట వంటిది. నాటినుండి యంత్రము మారినను చిరునామా మారనక్కఱ లేదు.

ఆ పద్దులో యంత్రము పేరే వ్రాయవలెను. అంకె కూడదు, మాఱుపేరును కూడదు. ఇంకొక చిక్కు గలదు. జాబు నందుకొనువారు, పంపిన యంత్రము అంకెనుబట్టి దాని పేరును వెనుకకు విచారింతురు. ఈ తిరుగుపద్దు సాధారణముగా పేరు సొంతదారుని చేతిలో నుండదు, అంకె నిచ్చిన సంస్థ చేతిలో నుండును. తక్కినవన్నియు సరిగా వ్రాసినవాని జాబులు సయితము ఇచ్చట తిరస్కరింపబడవచ్చును.

ఈ అనుమానమునకు కారణము దొంగ ఉత్తరములే. తన పేర జాబులు పంపుటకు ఏ యంత్రములకు అనుమతి గలదో సొంతదారుడు చాటు ఎస్.పి.ఎఫ్. పద్దు 2006లో నియమావళిగా వెలువడెను. అయితే అది కవరుమీది పేరునే పరీక్షించును. లోపలి జాబులో, బ్యాంకువారి పేరే కానిండు, ఎవరి పేరు వ్రాసియున్నదో చూడదు. ఆ లోపలి పేరునుగూడ సరిపోల్చు డి.మార్క్ నియమావళి 2015లో ప్రకటింపబడెను.